మాకింటోష్ ఎస్‌ఈ/30లో యాక్సిలరేటర్ కార్డు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1989 జనవరిలో వచ్చిన ఆపిల్ కంప్యూటర్ ఎస్‌ఈ/30 తొమ్మిది అంగుళాల తెర ఉన్న చిన్న పెట్టె. లోపల మాత్రం ఆనాటి పెద్ద మాకింటోష్‌లకు తీసిపోని 68030 ప్రాసెసర్ ఉంటుంది. దానికి వేగం పెంచే కార్డు దొరికిన ప్రతివారికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. కార్డు చేతికి రాకముందు నుంచి, బిగించాక మొరాయించేదాకా వరుసగా ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## కొనే ముందు

కార్డు పెడితే నిజంగా ఎంత వేగం పెరుగుతుంది?

ఎస్‌ఈ/30 అసలు వేగం 15.6672 మెగాహెర్ట్జ్. 50 మెగాహెర్ట్జ్ 68030 కార్డు పెడితే గడియారం లెక్కన మూడు రెట్లు, 33 మెగాహెర్ట్జ్‌ది అయితే రెండు రెట్లు దాటుతుంది. అయితే మెమరీ ఇంకా మదర్‌బోర్డు మీదే, పాత వేగంతోనే నడుస్తుంది. ఆ తేడాను పూడ్చడానికే ఈ కార్డుల మీద 32 లేదా 64 కిలోబైట్ల క్యాష్ (చిన్నదైన వేగవంతమైన మెమరీ) ఉంటుంది. క్యాష్‌లో ఇమిడే పని, అంటే స్ప్రెడ్‌షీట్ లెక్కలు, కంపైల్ చేయడం, ఫాంట్లు గీయడం వంటివి బాగా పుంజుకుంటాయి. డిస్కు నుంచి చదవడం, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపడం పెద్దగా మారవు. మెషీన్ ఆన్ అవడం ఆలస్యమవుతోందని కార్డు కొంటే నిరాశే. దానికి మందు కొత్త స్కజీ (ఈ మ్యాక్‌లో డిస్కులు కలిపే పద్ధతి) డిస్కు.

68030 కార్డు మంచిదా, 68040 కార్డు మంచిదా?

మొదటిసారి పెట్టేవారికి 68030 అని తడుముకోకుండా చెబుతాం. ప్రాసెసర్ రకం మారదు కాబట్టి పాత ప్రోగ్రామ్‌లు దాదాపు అన్నీ నడుస్తాయి. 68040 లోపల 4 కిలోబైట్ల చొప్పున రెండు క్యాష్‌లు ఉంటాయి. 68030లో ఉండేవి 256 బైట్ల చొప్పున రెండే. కాబట్టి 68040 వేగమే వేరు. కానీ తన కోడ్‌ను తానే మార్చుకునే పాత ప్రోగ్రామ్‌లు ఆ క్యాష్ దగ్గర బోల్తా పడతాయి. వేడి ఎక్కువ, కరెంటు ఎక్కువ లాగుతుంది, మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సిస్టమ్ 7.1 లేదా 7.5 కావాలి. 68ఎల్‌సీ040 అని రాసి ఉంటే దానిలో ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు వేగంగా చేసే భాగం) ఉండదని గుర్తుంచుకోండి.

మాకింటోష్ ఐఐసీఐ కోసం చేసిన డేస్టార్ పవర్‌క్యాష్ అనే యాక్సిలరేటర్ కార్డు దొరికింది. ఎస్‌ఈ/30 స్లాట్‌లో సరిగ్గా పడుతుంది కదా, పెట్టేయనా?

పెట్టొద్దు. ఐఐసీఐ క్యాష్ స్లాట్‌దీ, ఎస్‌ఈ/30 పీడీఎస్ (ప్రాసెసర్‌కు నేరుగా కలిసే) స్లాట్‌దీ ఒకే ఆకారం ఉన్న 120 పిన్నుల కనెక్టర్. అందుకే చేతికి తేలిగ్గా దిగిపోతుంది. కానీ పిన్నుల అమరిక వేరు. నేరుగా గుచ్చి ఆన్ చేస్తే కార్డో బోర్డో రెండూనో పోవచ్చు. పవర్‌క్యాష్‌కు ఎస్‌ఈ/30 అడాప్టర్ అనే చిన్న బోర్డు విడిగా ఉంటుంది, మధ్యలో అది ఉండి తీరాలి. చాలాసార్లు కార్డు కంటే అడాప్టర్ దొరకడమే కష్టం. అమ్మేవారు పంపిన ఫోటోలో అడాప్టర్ కనిపించకపోతే ముందు దాని సంగతి అడగండి. డబ్బు ఆ తర్వాత.

నాది ఎస్‌ఈ/30 కాదు, మామూలు ఎస్‌ఈ. ప్లస్ కూడా ఉంది. ఇదే కార్డు పనికొస్తుందా?

రాదు. ఎస్‌ఈలో ఉండేది 68000 ప్రాసెసర్, 96 పిన్నుల స్లాట్. దాని కార్డులు వేరు. ప్లస్‌లో అసలు స్లాటే లేదు. 64 కాళ్ల 68000 చిప్పు నెత్తిమీద కిల్లీ క్లిప్ అనే పట్టు బిగించి కార్డు పెడతారు. ఆ క్లిప్ కాళ్ల దగ్గర తుప్పు, బంక ఉంటే కాంటాక్ట్ వచ్చీ రాక పిచ్చెక్కిస్తుంది. మాకింటోష్ క్లాసిక్‌లోనూ స్లాట్ లేదు. కలర్ క్లాసిక్‌లో ఉన్నది ఎల్‌సీ రకం స్లాట్.

పాత ప్రాసెసర్‌ను సోల్డర్ కరిగించి తీయాలా?

పీడీఎస్ స్లాట్‌లో దిగే కార్డుకు అక్కర్లేదు. బోర్డు మీద చిప్పులను కలిపే దారులను (బస్) కార్డు తన ఆధీనంలోకి తీసుకుంటుంది, మదర్‌బోర్డు మీది 68030 ఊరికే కూర్చుంటుంది. ప్రాసెసర్ సాకెట్‌లో పెట్టే కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. కానీ ఎక్కువ ఎస్‌ఈ/30లలో ప్రాసెసర్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. మీ బోర్డు చూసుకోకుండా అలాంటి కార్డు కొనకండి.

స్లాట్‌లో ఇప్పటికే ఈథర్‌నెట్ కార్డు ఉంది. రెండూ ఉంచుకోవచ్చా?

స్లాట్ ఒక్కటే. కార్డు వెనక మరో కార్డు తగిలించుకునే కనెక్టర్ ఉన్న అడాప్టర్ అయితే ఉంచుకోవచ్చు. ఎస్‌ఈ/30 స్లాట్‌లో మూడు ఇంటరప్ట్ లైన్లు (కార్డులు ప్రాసెసర్‌ను పిలిచే తీగలు) ఉన్నాయి, అవి మెషీన్‌కు 9, ఏ, బీ అనే మూడు స్లాట్లుగా కనిపిస్తాయి. రెండు కార్డులూ ఒకే లైను కోరితే ఒకటి మాయమవుతుంది. ఈథర్‌నెట్ కార్డు మీద స్లాట్ మార్చే జంపర్ (పిన్నులను కలిపే చిన్న మూత) ఉందేమో చూడండి.

## విప్పకముందు

మెషీన్ బాగానే నడుస్తోంది. కెపాసిటర్లు మార్చకుండా కార్డు పెట్టేయొచ్చా?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌ఈ/30 మదర్‌బోర్డు మీద వెండిరంగు డబ్బాల్లాంటి చిన్న ఎస్‌ఎండి (బోర్డు పైభాగానికే సోల్డర్ చేసిన) కెపాసిటర్లు ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం 47 మైక్రోఫారడ్, 16 వోల్టులవి. వాటిలోని ద్రవం ఏళ్ల తరబడి కిందినుంచి కారి బోర్డు మీద పరుచుకుంటుంది. దగ్గరగా చూస్తే కెపాసిటర్ పాదాల దగ్గర సోల్డర్ మెరుపు పోయి బూడిదరంగులో ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే కుళ్లిన చేపల వాసన వస్తుంది. ఆ ద్రవం రాగి దారులను తినేస్తుంది, అంతేకాదు, కరెంటును కొద్దికొద్దిగా పక్క దారులకు పంపిస్తుంది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఎలాగో నెట్టుకొచ్చిన బోర్డు, కార్డు పెట్టగానే తడబడుతుంది. అప్పుడు అందరూ కార్డునే అనుమానిస్తారు.

కాబట్టి వరుస ఇది: కెపాసిటర్లు తీయాలి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో బోర్డు కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, కొత్తవి వేయాలి, కార్డు లేకుండానే రెండు మూడు రోజులు నడిపి చూడాలి. టాంటలం రకం కెపాసిటర్లు వేస్తున్నట్లయితే ఒక్క మాట. పాత అల్యూమినియం కెపాసిటర్ మీది నల్ల గుర్తు మైనస్. టాంటలం మీది గీత ప్లస్. గుర్తుకు గుర్తు చూసి వేస్తే తలకిందులై, ఆన్ చేయగానే మండుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్న మెషీన్లకు ఉప్పుగాలి కూడా తోడవుతుంది కాబట్టి స్లాట్ పిన్నులు, సిమ్ (మెమరీ పలకల) సాకెట్లు కూడా తుడవండి.

బ్యాటరీ సంగతేమిటి?

వెంటనే తీసేయండి. 3.6 వోల్టుల, సగం ఏఏ సైజు లిథియం బ్యాటరీ అది. పగిలి కారిందంటే బోర్డు పనికిరాకుండా పోతుంది. ఈ మెషీన్లను చంపిన కారణాల్లో ఇదే మొదటిది. బ్యాటరీ లేకపోయినా ఎస్‌ఈ/30 ఆన్ అవుతుంది, కాకపోతే తేదీ, 32 బిట్ అడ్రసింగ్ లాంటి సెట్టింగ్‌లు నిలవవు. కొత్తది వేస్తే అదే 3.6 వోల్టుల రకం వేయండి. 1.5 వోల్టుల మామూలు పెన్సిల్ సెల్ కాదు.

అమెరికా నుంచి తెచ్చిన మెషీన్‌ను ఇక్కడి 230 వోల్టులకు పెట్టొచ్చా?

ముందు వెనకనున్న లేబుల్ చదవండి. ఎస్‌ఈ, ఎస్‌ఈ/30 పవర్ సప్లైలు రెండు రకాల వోల్టేజీనీ తమంతట తామే గుర్తించేలా చేశారు, లేబుల్ మీద 240 దాకా అని ఉంటుంది. ప్లస్, క్లాసిక్ అలా కాదు. 120 వోల్టులకే చేసిన అమెరికా ప్లస్‌ను మన గోడ సాకెట్‌కు పెడితే సప్లై పేలుతుంది. దానికి 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

పవర్ సప్లై కార్డు బరువు మోస్తుందా? ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్‌తో, కేసు మూసే ఉంచి చూడొచ్చు. వెనకనున్న 19 పిన్నుల ఫ్లాపీ పోర్టులో 1 నుంచి 4 దాకా గ్రౌండ్, 6వ పిన్ను 5 వోల్టులు, 7, 8 పిన్నులు 12 వోల్టులు. 6, 7 పక్కపక్కనే ఉంటాయి. మీటర్ ముల్లు జారి రెండిటినీ కలిపిందంటే 12 వోల్టులు 5 వోల్టుల లైనులోకి వెళ్లి చిప్పులు పోతాయి. ముల్లుకు చివరి రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టి అప్పుడు కొలవండి. కార్డు లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి చూడండి. 4.9 నుంచి 5.1 మధ్య ఉంటే నిశ్చింత. కార్డు పెట్టగానే 4.8 కిందికి దిగితే సప్లైలోని కెపాసిటర్లు అలిసిపోయాయని అర్థం, ముందు దాన్ని బాగుచేయించాలి. పాత హార్డ్ డిస్కు తీసి మెమరీ కార్డుతో నడిచే స్కజీ బోర్డు పెడితే సప్లై మీద భారం బాగా తగ్గుతుంది.

## విప్పడం

స్క్రూలు ఎక్కడున్నాయి? ఏ స్క్రూడ్రైవర్ కావాలి?

నాలుగు స్క్రూలు, అన్నీ టీ15 టార్క్స్. రెండు వెనక కింద, పోర్టుల దగ్గర. ఇంకో రెండు పైన చెయ్యి పెట్టి ఎత్తే గుంటలో చాలా లోతుగా ఉంటాయి. మామూలు టీ15 అందదు, కాడ 20 సెంటీమీటర్లు ఉండేది తీసుకోండి. మార్చుకునే బిట్ల సెట్‌తో ప్రయత్నించకండి, బిట్ పట్టుకునే లావు భాగం గుంటలోకి దూరదు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పొడుగు టార్క్స్, ఆల్కహాల్, టాంటలం కెపాసిటర్లు ఒకే చక్కర్‌లో చూసుకోవచ్చు.

పక్కన రీసెట్ బటన్ల ప్లాస్టిక్ ముక్క ఉంటే ముందు దాన్ని లాగేయండి. మెత్తటి తువ్వాలు పరిచి, మెషీన్‌ను తెర కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. వెనక కేసు బిగిసిపోయి ఉంటుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే ప్లాస్టిక్ మీద ఎప్పటికీ పోని గాటు పడుతుంది. రెండు అరచేతులతో రెండు పక్కలా పట్టుకుని, పోర్టుల మీద బొటనవేళ్లతో కిందికి నొక్కుతూ కేసును పైకి లాగండి. కొద్దికొద్దిగా, అటూ ఇటూ సమంగా వస్తుంది. పోర్టుల దగ్గరున్న పల్చటి లోహపు షీల్డ్ ఊడి పడితే దాచిపెట్టండి, మళ్లీ పెట్టాలి.

తెర వెనక కరెంటు ప్రాణం తీస్తుందంటారు. ఎంత నిజం?

భయపడాల్సిన మాటే. పిక్చర్ ట్యూబ్ మీది ఎర్ర తీగ రబ్బరు టోపీ కింద, నడుస్తున్నప్పుడు 10 వేల వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా కొంత నిలిచి ఉండొచ్చు. పద్ధతి ఇది:

1. ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు. ఉంగరాలు, గడియారం తీసేయండి.
2. ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగు చదును స్క్రూడ్రైవర్ కాడకు మొసలి క్లిప్ తీగ ఒక కొస తగిలించండి. రెండో కొస మెషీన్ లోహపు చట్రానికి. క్లిప్ ఎప్పుడూ ముందే తగిలించాలి.
3. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో పిడి పట్టుకుని, స్క్రూడ్రైవర్ కొసను రబ్బరు టోపీ కిందికి నెమ్మదిగా జరిపి లోపలి లోహానికి ఆనించండి. చిటుక్కుమనొచ్చు, అసలేమీ వినపడకపోవచ్చు.
4. కొన్ని నిమిషాలు ఆగి ఇంకోసారి ఆనించండి.

కార్డు బిగించడానికి ఆ టోపీ ఊడదీయాల్సిన పనే లేదు.

మదర్‌బోర్డు బయటికి ఎలా తీయాలి?

స్కజీ కేబుల్, ఫ్లాపీ కేబుల్, స్పీకర్ తీగ, చివరగా పవర్ కేబుల్ విప్పండి. ఈ ఆఖరిదే ప్రమాదం. పవర్ కనెక్టర్ ముప్పై ఏళ్లుగా బిగిసి ఉంటుంది. బలంగా లాగితే ఒక్కసారిగా ఊడి, ఆ ఊపులో చెయ్యి వెళ్లి పిక్చర్ ట్యూబ్ మెడకు తగులుతుంది. ఆ మెడ బొటనవేలు లావుండే గాజు గొట్టం. సన్నగా 'సుస్‌'మని గాలి చప్పుడు వినిపిస్తే ట్యూబ్ పోయినట్టే, అతికే మార్గం లేదు. అందుకని గొళ్లెం నొక్కి, కనెక్టర్‌నే పట్టుకుని (తీగలను కాదు) కొంచెం అటూ కొంచెం ఇటూ కదుపుతూ, మోచేయి మెడకు దూరంగా పెట్టుకుని తీయండి. ఆ తర్వాత బోర్డును పట్టాల్లో కొంచెం పైకి జరిపితే గాట్ల దగ్గర వదులవుతుంది, పక్కకు వంచి బయటికి తీయొచ్చు.

## బిగించడం

బోర్డు లోపల ఉండగానే కార్డు గుచ్చొచ్చా?

బోర్డు బయట బల్ల మీద ఉన్నప్పుడు గుచ్చడమే మేలు. పిన్నులు కళ్లెదురుగా కనిపిస్తాయి, బోర్డు కింద చెయ్యి పెట్టి ఆపొచ్చు. స్టాటిక్ పట్టీ లేకపోతే చట్రాన్ని ముట్టుకుని పని మొదలుపెట్టండి, సింథటిక్ చీర, ఉన్ని స్వెట్టర్ లాంటివి వద్దు.

గుచ్చే ముందు కార్డు కనెక్టర్‌ను దీపానికి ఎదురుగా, పిన్నుల వరుస వెంట పక్కనుంచి చూడండి. మూడు వరుసల్లో 120 పిన్నులు. ఒక్కటి పక్కకు ఒరిగినా నొక్కినప్పుడు మడత పడిపోతుంది. ఒరిగినదాన్ని ఖాళీ మెకానికల్ పెన్సిల్ ములికితో నిలబెట్టొచ్చు. అడాప్టర్ ఉంటే అది ముందు, కార్డు తర్వాత. రెండు చివర్లనూ ఒకేసారి, నిలువుగా నొక్కండి. ఒక కొస దించి తర్వాత రెండో కొస దించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. దిగాక సందు రెండు చివర్లా ఒకేలా ఉందా అని చూడండి. ఒక పక్క కాగితం దూరుతూ, రెండో పక్క దూరకపోతే ఇంకా దిగలేదన్నమాట.

కార్డుతో సహా బోర్డు లోపలికి దిగడం లేదు. ఏదో తగులుతోంది.

బలవంతం చేయకండి. సాధారణంగా తగిలేవి: ఫ్లాపీ రిబ్బన్ కేబుల్ మడత, హార్డ్ డిస్కు పళ్లెం అంచు, కార్డు మీద ఎవరో అతికించిన ఎత్తు హీట్ సింక్. కేబుళ్లను ముందు పక్కకు నొక్కి టేపు వేయండి. హార్డ్ డిస్కు పళ్లెం విప్పి, బోర్డు దించి, మళ్లీ పళ్లెం బిగించడం ఒక్కోసారి అన్నిటికన్నా తేలిక. కార్డు సోల్డర్ వైపు చట్రం లోహానికి అతి దగ్గరగా వస్తే మధ్యలో మందపాటి ప్లాస్టిక్ రేకు పెట్టండి. రెండు వారాల తర్వాత వేడికి ఏదో వంగి షార్ట్ అవడం చాలా చేదు అనుభవం.

కార్డు మీద ఎఫ్‌పీయూ సాకెట్ ఖాళీగా ఉంది. చిప్పు వేయాలా?

మామూలు రాతపనికి అక్కర్లేదు. కానీ ఎస్‌ఈ/30లో 68882 అనే ఎఫ్‌పీయూ పుట్టుకతోనే ఉంది కాబట్టి, ఎఫ్‌పీయూ ఉందని నమ్మే ప్రోగ్రామ్‌లు మీ దగ్గర ఉండే ఉంటాయి. కార్డు నడుస్తున్నప్పుడు అవి కార్డు మీదే దానికోసం చూడొచ్చు. కనపడకపోతే 90వ నంబరు బాంబు (బాంబు బొమ్మతో వచ్చే లోపం సందేశం), ఒక్కోసారి 10వ నంబరు బాంబు వస్తుంది. వేసేటట్టయితే 68 కాళ్ల చదరపు రకం, కార్డు వేగానికి తగ్గది తీసుకోండి. చిప్పు ఒక మూల నరికినట్టుంటుంది, ఆ మూల సాకెట్‌లోని నరికిన మూలకు రావాలి. తీయాల్సివస్తే దీనికోసమే ఉన్న పట్టకారు వాడండి, స్క్రూడ్రైవర్‌తో లేపితే సాకెట్ మూల విరుగుతుంది.

హీట్ సింక్, ఫ్యాన్ అవసరమా?

33 మెగాహెర్ట్జ్ 68030కి అవసరం లేదు. 50కి పల్చటిది పెట్టండి. 68040కి తప్పనిసరి. లోపలి ఫ్యాన్ శబ్దం చేస్తోందని దాని తీగ పీకేసిన మెషీన్లు కనిపిస్తుంటాయి. అలాంటివాటిలో కార్డు పెట్టకండి, ముందు ఫ్యాన్ మార్చండి. మన ఏప్రిల్, మే ఎండల్లో గది వేడే నలభై డిగ్రీలకు దగ్గర పడుతుంది.

## మెమరీ, రోమ్, సిస్టమ్

మెమరీ ఎంత వేయొచ్చు? ఎలా వేయాలి?

30 పిన్నుల సిమ్ సాకెట్లు ఎనిమిది, నాలుగేసి చొప్పున రెండు బ్యాంకులు. ఒక బ్యాంకులో నాలుగూ ఒకే సైజువి కావాలి. నాలుగు 4 మెగాబైట్‌వి వేస్తే 16, ఎనిమిది 16 మెగాబైట్‌వి వేస్తే 128 మెగాబైట్లు, అదే గరిష్ఠం. వేగం 120 నానోసెకన్లు లేదా అంతకన్నా తక్కువ. సాకెట్ల ప్లాస్టిక్ గొళ్లేలు పెళుసెక్కి ఉంటాయి, గోటితో మెల్లగా తెరవండి. మెమరీ ఎక్కువ ఉంటే ఆన్ చేశాక బొమ్మ రావడానికి చాలాసేపు పడుతుంది. 128 మెగాబైట్లున్న మెషీన్ చచ్చిపోయిందని నిర్ణయించే ముందు కనీసం రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

16 మెగాబైట్లు వేశాను, 8 మాత్రమే వాడుతోంది. కార్డు తప్పా?

కార్డుకు సంబంధం లేదు. ఎస్‌ఈ/30 రోమ్ (మెషీన్‌లో శాశ్వతంగా రాసి ఉన్న ప్రోగ్రామ్) 32 బిట్ అడ్రసింగ్‌కు, అంటే ఎక్కువ మెమరీ వాడే పద్ధతికి, పూర్తిగా సిద్ధంగా లేదు. 24 బిట్ పద్ధతిలో 8 మెగాబైట్లే హద్దు. రెండు దారులున్నాయి. ఒకటి, సిస్టమ్ 7లో మోడ్32 అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసి, మెమరీ కంట్రోల్ ప్యానెల్‌లో 32 బిట్ ఆన్ చేయడం. కనెక్టిక్స్ అనే కంపెనీ చేసిన దీన్ని 1991లో ఆపిల్ లైసెన్సు తీసుకుని ఉచితంగా ఇచ్చింది. రెండోది, రోమ్ సిమ్‌ను మార్చడం. ఎస్‌ఈ/30 రోమ్ 64 పిన్నుల సిమ్ మీద ఉంటుంది కాబట్టి మాకింటోష్ ఐఐఎస్ఐ లేదా ఐఐఎఫ్ఎక్స్ రోమ్ సిమ్, లేదా ఇప్పుడు దొరికే కొత్త రోమ్ సిమ్ అక్కడ పెట్టొచ్చు. యాక్సిలరేటర్ ఉన్న మెషీన్‌కు మా ఓటు రోమ్ మార్పుకే. మోడ్32, కార్డు తాలూకు సాఫ్ట్‌వేర్ రెండూ ఆన్ అయ్యే వేళ తొలి క్షణాల్లోనే పనిచేస్తాయి కాబట్టి పోట్లాడుకునే అవకాశం ఉంది. రోమ్ మార్చితే ఆ గొడవే ఉండదు. మార్చాక మోడ్32 తీసేయండి.

ఏ సిస్టమ్ వేయాలి?

68030 కార్డుకు సిస్టమ్ 7.1 హాయిగా ఉంటుంది. అసలు రోమ్‌తో 7.5.5 దాకా వెళ్లొచ్చు. మొదట వట్టి సిస్టమ్ ఒక్కటే వేసి, కార్డు కంట్రోల్ ప్యానెల్ తప్ప మరే ఎక్స్‌టెన్షనూ (ఆన్ అయ్యేటప్పుడు లోడయ్యే అదనపు సాఫ్ట్‌వేర్) లేకుండా నడిపి చూడండి. మీ వస్తువులన్నీ ఉన్న పాత డిస్కును అప్పుడే తగిలించొద్దు.

## ఆన్ చేశాక మొరాయిస్తే

తెర మీద అడ్డగీతలు వచ్చి ఆగిపోయింది.

ఈ చారల తెరకు జపాన్ అభిమానులు పెట్టిన పేరు సిమాసిమాక్, వారి భాషలో షిమా అంటే చార. ప్రాసెసర్‌కు మెమరీ, రోమ్ సరిగ్గా అందడం లేదని దాని అర్థం. కార్డు తీసి చూడండి. అప్పుడూ చారలే అయితే సిమ్‌లు, రోమ్ తీసి, కాంటాక్ట్‌లు ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి, తర్వాత కెపాసిటర్ల కింద తెగిన దారులను మీటర్‌తో వెతకండి. కార్డుతో మాత్రమే చారలు వస్తే స్లాట్ కాంటాక్ట్ సమస్య. కనెక్టర్ రంధ్రాల్లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కార్డును ఐదారుసార్లు దించి తీయండి.

కార్డు లేకుంటే మామూలుగా నడుస్తోంది. పెడితే చప్పుడూ లేదు, బొమ్మా లేదు.

ముందు 5 వోల్టులు చూడండి. సరిగ్గా ఉంటే కార్డు వంకరగా దిగిందేమో, అడాప్టర్ ఈ కార్డుకు చెందినదేనా అన్నది చూడండి. ఒక కంపెనీ అడాప్టర్ ఇంకో కంపెనీ కార్డుకు పనికిరాదు. కార్డు మీది క్రిస్టల్ ఆసిలేటర్ (చిన్న లోహపు డబ్బా, మీద 50.000 లాంటి అంకె ఉంటుంది) సాకెట్‌లో ఉంటే తీసి, కాళ్లు తుడిచి పెట్టండి. 33కి చేసిన కార్డులో ఎవరైనా 50 ఆసిలేటర్ వేసి అమ్మారేమో ప్రాసెసర్ మీది అంకెతో పోల్చండి.

ఆన్ చేయగానే నవ్వుతున్న మ్యాక్ బొమ్మ వచ్చాక బిగుసుకుపోతోంది.

షిఫ్ట్ నొక్కిపట్టి ఆన్ చేయండి, సిస్టమ్ 7లో ఎక్స్‌టెన్షన్లు ఆగుతాయి. అప్పుడు నడిస్తే ఏదో ఎక్స్‌టెన్షన్‌తోనో, కార్డు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తోనో పేచీ. సగం తీసి, సగం ఉంచి వడపోయండి. అప్పుడూ నడవకపోతే కమాండ్, ఆప్షన్, పీ, ఆర్ కలిపి నొక్కి పీరామ్ (సెట్టింగ్‌లు దాచే చిన్న మెమరీ) చెరపండి.

ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోంది.

వేడి లేదా వోల్టేజీ. వెనక కేసు లేకుండా తెరిచి నడపకండి, హైవోల్టేజీ తీగలు బయట ఉంటాయి, పైగా గాలి దారి మారిపోయి పరీక్ష తప్పవుతుంది. కేసు మూసి, ఆగిపోయే క్షణంలో ఫ్లాపీ పోర్టు దగ్గర 5 వోల్టులు కొలవండి. దిగిపోయి ఉంటే సప్లై, నిలకడగా ఉంటే కార్డు వేడి.

ఫ్లాపీలు చదవడం లేదు, పాత ఆటలు పిచ్చివేగంతో పరిగెడుతున్నాయి.

రెండిటికీ మూలం ఒకటే. కొన్ని పాత ప్రోగ్రామ్‌లు కాలాన్ని ప్రాసెసర్ వేగంతో కొలుస్తాయి. కంట్రోల్ ప్యానెల్‌లో క్యాష్ ఆపి ప్రయత్నించండి. కాపీ ప్రొటెక్షన్ ఉన్న ఫ్లాపీలకైతే కార్డునే ఆపాల్సిరావచ్చు.

శబ్దం రావడం లేదు. కార్డు వల్లేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. కారిన కెపాసిటర్ల పక్కనే సౌండ్ చిప్పులున్నాయి, ముందు పోయేది శబ్దమే. బోర్డు తీసినప్పుడు విప్పిన స్పీకర్ తీగ మళ్లీ పెట్టారా అన్నది కూడా చూడండి.

అంతా నడుస్తోంది, కానీ వేగం పెరిగినట్టే లేదు.

కొన్ని కార్డులు ఆన్ చేయగానే పనిలోకి దిగుతాయి, కొన్ని తమ కంట్రోల్ ప్యానెల్ వచ్చేదాకా నిద్రపోతాయి. కంట్రోల్ ప్యానెల్ సిస్టమ్ ఫోల్డర్‌లో సరైన చోట ఉందా, క్యాష్ ఆన్‌లో ఉందా చూడండి. స్పీడోమీటర్ ప్రోగ్రామ్‌తో ప్రాసెసర్ పరీక్ష ఒకసారి కార్డు ఆపి, ఒకసారి ఆన్ చేసి నడపండి. 50 మెగాహెర్ట్జ్ కార్డు ఉండి రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తే క్యాష్ పనిచేయడం లేదు. ప్రాసెసర్ అంకె పెరిగి డిస్కు అంకె అలాగే ఉంటే కార్డు తన పని తాను చేస్తున్నట్టే.